మాక్సీ ఆండర్సన్ బెలూన్ ప్రయాణాల్ని బడిలో ఎలా చెప్పాలి

1981 జనవరిలో హర్యానాలోని ఒక పల్లె దగ్గర ఆకాశంలోంచి పెద్ద బెలూన్ ఒకటి దిగింది. అందులో ఇద్దరు అమెరికన్లు, మాక్సీ ఆండర్సన్, డాన్ ఐడా. రెండు రోజుల ముందు ఈజిప్టులోని లగ్జర్‌లో బయల్దేరారు. భూమి చుట్టూ ఆగకుండా తిరిగి రావాలని వాళ్ళ ఆశ. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు వచ్చాక మన దేశంలోనే దిగిపోవాల్సి వచ్చింది.

మీ క్లాసులో మాక్సీ కథ చెప్పాలనుకుంటే ఇక్కడే మొదలుపెట్టండి. 1934లో ఓక్లహామాలో పుట్టాడు అని మొదలుపెడితే వెనక బెంచీలు రెండో వాక్యానికే కిటికీలోంచి బయటికి చూస్తాయి. నేను విజయనగరం దగ్గర పల్లె హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, మొదటిసారి అలాగే మొదలుపెట్టి చూశాను కాబట్టి చెప్తున్నాను. హర్యానా అనగానే మాత్రం అందరూ తలెత్తుతారు. దిగినచోట ఎవరున్నారు, వాళ్ళ భాష వీళ్ళకెలా వచ్చింది, మళ్ళీ ఇంటికెలా వెళ్ళారు అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అసలు ప్రశ్నకి వస్తారు. మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "ఏటి మాస్టారూ, అమెరికాకి ఎల్లాలంటే అటే తిప్పుకోవచ్చు కదా, ఇటెందుకు వచ్చీసారు?"

తిప్పుకోలేరు. బెలూన్‌కి చుక్కాని ఉండదు, ఇంజను ఉండదు. గాలి ఎటుపోతే అటే. మనిషి చేతిలో ఉన్నవి రెండే పనులు, పైకి వెళ్ళడం, కిందకి దిగడం. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి తనకి కావలసిన గాలి ఏ ఎత్తులో ఉందో వెతుక్కుని ఆ ఎత్తుకి వెళ్ళి దాన్ని పట్టుకోవాలి. వెళ్ళినందుకు ప్రతిసారీ ఏదో ఒకటి ఖర్చవుతుంది. పైకెళ్ళాలంటే ఇసుక పారబోయాలి, దిగాలంటే గ్యాస్ వదలాలి. రెండూ దారిలో దొరకవు. ఈ ఖర్చు పిల్లల చేతికి తెలియాలి, ఆ తర్వాతే 1978లో మాక్సీ వాళ్ళు బెలూన్‌లో అట్లాంటిక్ సముద్రం దాటిన కథ చెప్పాలి. అందుకు ఒక రోజంతా పట్టే పని ఒకటుంది. క్లాసు జరుగుతూనే ఉంటుంది కాబట్టి హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటారు.

కావలసినవి: హీలియం నింపిన మామూలు రబ్బరు బుడగ ఒకటి, దారం, టీ తాగే చిన్న కాగితం కప్పు, చెంచాడు పొడి ఇసుక. మేం నెల్లిమర్ల దగ్గర చంపావతిలోంచి తెచ్చుకుంటాం, ఏ ఏటి ఇసుకైనా పర్లేదు గాని తడి లేకుండా ఎండబెట్టి జల్లించండి. బుడగ విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్తాను. పైడితల్లమ్మ పండక్కో, ఊళ్ళో జాతరకో వీధిలో అమ్మే గ్యాస్ బుడగ కొనుక్కొచ్చి తరగతి గదిలో పెట్టకండి. జాతరల్లో అమ్మే వాటిలో చాలా వాటికి నింపేది హైడ్రోజన్, కాస్టిక్ సోడాలో అల్యూమినియం ముక్కలు వేసి తయారుచేస్తారు. నిప్పు రవ్వ తగిలితే భగ్గుమంటుంది, నింపే సిలిండర్లు పేలి మనుషులు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పుట్టినరోజు డెకరేషన్ సామాన్లు అమ్మే షాపులో "హీలియమేనా?" అని అడిగి, సిలిండర్ మీద రాసింది చూసి తెచ్చుకోండి. హీలియం అంటుకోదు. మాక్సీ వాళ్ళ బెలూన్‌లో ఉన్నదీ అదే.

ఒక అడుగు వెడల్పున్న బుడగలో దాదాపు 14 లీటర్ల గ్యాస్ పడుతుంది. లీటరు హీలియం సుమారు ఒక గ్రాము బరువుని లేపుతుందని పిల్లలకి చెప్పండి, లెక్క వాళ్ళే చేస్తారు. రబ్బరు బరువు పోను పది గ్రాముల దాకా మిగులుతుంది, అందులో కప్పూ దారం బరువు కూడా పోతే ఏడెనిమిది. ఆ మిగిలినదే మీ ఇసుక.

పొద్దున్న మొదటి గంటలోనే కప్పుని బుడగకి కట్టి, ఇసుక చిటికెడు చిటికెడుగా వేయించండి. ఒక దశలో బుడగ పైకీ పోదు కిందకీ రాదు, బెంచీ ఎత్తులో గాల్లో నిలబడిపోతుంది. ఆ క్షణం తొందరపడకండి. ఫ్యాను ఆపేయండి, తలుపు మూయండి, పిల్లల్ని ఊపిరి బిగబట్టమనండి. ఎవరూ ముట్టుకోకుండా ఓ కప్పు ఇసుక గాల్లో నిలబడి, ఎవరో దగ్గితే కొంచెం పక్కకి జరిగి మళ్ళీ ఆగుతుంది. నలభై మంది పిల్లలున్న గదిలో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఒకర్ని పిలిచి రెండు చిటికెలు తీయమనండి. మెల్లగా సీలింగు దాకా వెళ్ళిపోతుంది. దారం పట్టుకుని దించి, ఇసుక మళ్ళీ వేసి, నిలబెట్టండి.

అసలు ఆట ఇప్పుడు. రబ్బరు బుడగలోంచి హీలియం కొంచెం కొంచెంగా కారిపోతూనే ఉంటుంది, కాబట్టి సాయంత్రం దాకా అది దిగుతూనే ఉంటుంది. ప్రతి పీరియడ్ మొదట్లో ఒక పిల్లో పిల్లాడో వచ్చి, మళ్ళీ బెంచీ ఎత్తుకి రావడానికి ఎన్ని చిటికెలు తీయాలో అన్నే తీయాలి, తీసినది పలక మీద రాయాలి. తీసిన ఇసుక తిరిగి వేయకూడదు. సముద్రంలో పడిపోయిందనుకోవాలి. ఎనిమిది పీరియడ్లు. మాక్సీ ఆండర్సన్, బెన్ అబ్రూజో, లారీ న్యూమన్ ముగ్గురూ డబుల్ ఈగిల్ టూ అనే బెలూన్‌లో అట్లాంటిక్ దాటడానికి పట్టింది 137 గంటల 6 నిమిషాలు. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో పీరియడ్‌కి వాళ్ళ ప్రయాణంలో పదిహేడు గంటలు. కాబట్టి పీరియడ్ మారినప్పుడల్లా మూడు నాలుగు నిమిషాలు కథ చెప్పండి, చాలు. మిగతా మాస్టార్లని ముందే ఒప్పించుకోవాలి. మా లెక్కల మేడమ్ గారైతే సగటు వేగం లెక్క తన పీరియడ్‌లో తనే చేయించారు: 5,000 కిలోమీటర్లు, 137 గంటలు, గంటకి 36 చిల్లర. దూరం అర్థం కాని పిల్లలకి మన రైలు పట్టా చూపించండి. హౌరా నుంచి విజయనగరం మీదుగా చెన్నై దాకా వెళ్ళేది 1,660 కిలోమీటర్లు, దానికి మూడింతలు, కింద అంతా నీళ్ళే.

ఏ పీరియడ్‌లో ఏం చెప్పాలంటే, మొదట్లోనే 1978 జోలికి పోకండి. మొదటిది 1977 కథ. మాక్సీ అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో గనుల వ్యాపారి, యురేనియం తవ్వే కంపెనీ నడిపేవాడు. అబ్రూజో అతని స్నేహితుడు. ఇద్దరూ 1977 సెప్టెంబరులో డబుల్ ఈగిల్ అనే బెలూన్‌లో మసాచుసెట్స్ నుంచి బయల్దేరారు. చలి, తుపాను వాన, దారి తప్పడం, చివరికి ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో దిగారు. అబ్రూజో కాలు చలికి దెబ్బతింది. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. అంతకు ముందు ఆ సముద్రం దాటబోయినవాళ్ళు ఎవరూ దాటలేదు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇంత చెప్పి ఆపేయండి. ఏడాది తిరక్కుండానే మళ్ళీ వెళ్ళారన్నది రెండో పీరియడ్‌కి దాచుకోండి. ఈ మధ్యలో పిల్లలు ఒకరితో ఒకరు "మళ్ళీ ఎల్తారా ఎల్లరా" అని వాదించుకోవాలి.

రెండో పీరియడ్‌లో 1978 ఆగస్టు 11 రాత్రి, అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ప్రెస్క్ ఐల్ అనే ఊరు. ఈసారి ముగ్గురు. మూడో మనిషి లారీ న్యూమన్, హ్యాంగ్ గ్లైడర్లు, అంటే మనిషి వేలాడుతూ ఎగిరే రెక్కలు, తయారుచేసేవాడు. తనదొకటి బెలూన్‌కి కట్టి తెచ్చుకున్నాడు, ఫ్రాన్స్ చేరాక దాని మీద ఎగురుతూ దిగాలని. బెలూన్‌లో 1,60,000 ఘనపు అడుగుల హీలియం, అంటే దాదాపు నాలుగున్నర వేల ఘనపు మీటర్లు. ఇందాకటి లెక్కే, లీటరుకి ఒక గ్రాము. మొత్తం ఎంత బరువు లేస్తుందో పిల్లలే చెప్పాలి. నాలుగున్నర టన్నులు! అందులోనే బెలూన్ గుడ్డ, ముగ్గురు మనుషులు కూర్చునే పడవలాంటి తొట్టి, తిండి, రేడియోలు, ఆక్సిజన్, పారబోసే బరువు, అన్నీ.

మూడు నుంచి ఆరు దాకా పీరియడ్లలో కొత్త సంఘటనలు చెప్పాల్సిన పనిలేదు. పగలూ రాత్రీ గురించి చెప్పండి. బుడగని కిటికీ దగ్గర ఎండలో ఓ రెండు నిమిషాలు పట్టుకోమనండి, లోపలి గ్యాస్ వేడెక్కి ఉబ్బి, కొంచెం పైకి లాగుతుంది. నీడలోకి తెస్తే దిగుతుంది. నిజం బెలూన్ కూడా అంతే, సూర్యుడు దిగగానే గ్యాస్ చల్లబడి కుంచించుకుపోతుంది, బెలూన్ దిగిపోతుంది, ఆపాలంటే బరువు పారబోయాలి. తెల్లారాక ఎండకి ఉబ్బి మరీ పైకి పోతుంది, అప్పుడు గ్యాస్ పోతుంది. ఆ పోయిన గ్యాస్ వల్ల మర్నాడు రాత్రి ఇంకా ఎక్కువ బరువు పారబోయాలి. అందుకే గ్యాస్ బెలూన్‌కి ఆయుష్షు రోజుల్లో కొలుస్తారు. మోసుకెళ్ళిన బరువు ఎన్ని రాత్రులకి సరిపోతే అన్ని రోజులే ప్రయాణం. పిల్లలు పలక మీద చిటికెల లెక్క చూసుకుని, సాయంత్రం దాకా సరిపోతుందా లేదా అని అప్పటికే టెన్షన్ పడుతుంటారు. ఆ టెన్షన్ తగ్గించకండి.

ఏడో పీరియడ్ ఆగస్టు 16కి సరిగ్గా వస్తుంది. ఆ రోజు బెలూన్ ఉన్నట్టుండి దిగడం మొదలుపెట్టింది. ఇరవై వేల అడుగుల పైనుంచి నాలుగు వేల అడుగుల దాకా జారిపోయింది. కింద అట్లాంటిక్, ఒడ్డు ఇంకా రాలేదు. ఎండ తగిలి గ్యాస్ మళ్ళీ వేడెక్కితేనే పైకి లేచింది. ఇది చెప్పేటప్పుడు కప్పులో మిగిలిన ఇసుకని అందరికీ చూపించండి. ఎంతో ఉండదు. న్యూమన్ హ్యాంగ్ గ్లైడర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: బరువు తగ్గించుకోవడానికి దాన్ని సముద్రంలోకి వదిలేశారు. "మరి దాని మీద దిగాలనుకున్నాడు కదా?" అని ఒకడు అడిగి, జవాబు తనే తెలుసుకుని, మాట్లాడకుండా కూర్చుండిపోయాడు.

చివరి పీరియడ్‌లో వాళ్ళు ఐర్లాండ్ మీదకి వచ్చేశారు. అక్కడ దిగినా అట్లాంటిక్ దాటినట్టే. దిగలేదు, పారిస్ వైపు వెళ్ళారు, ఎందుకంటే 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటి దిగింది పారిస్‌లోనే. ఆయన్ని లోన్ ఈగిల్, అంటే ఒంటరి గద్ద, అనేవారు, వీళ్ళ డబుల్ ఈగిల్ అన్న పేరు దాన్నించే వచ్చింది. ఆగస్టు 17 సాయంత్రం పారిస్‌కి వంద కిలోమీటర్ల దూరంలో మిజరే అనే పల్లెలో బార్లీ చేలో దిగారు. బెలూన్‌లో అట్లాంటిక్ దాటిన మొదటి మనుషులు వాళ్ళే. ఇసుక అయిపోయి మీ బుడగ నేలకి తగిలితే తగలనివ్వండి. మేం చేసిన మొదటిసారి ఆరో పీరియడ్‌లోనే పడిపోయింది. చిటికెలు పెద్దపెద్దవి తీశారు. మర్నాడు ఇంకో బుడగ తెచ్చి మళ్ళీ చేశాం, ఈసారి వేళ్ళతో కాదు, అగ్గిపుల్లతో ఇసుక తీశారు.

గాలిని వెతుక్కోవడం ఇంకో రోజు నేర్పాలి, దానికి గది పనికిరాదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొండల వైపు నుంచి చల్లటి గాలి సముద్రం వైపు మెల్లగా దిగుతుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి సముద్రపు గాలి ఎదురొస్తుంది. పొయ్యి పొగ, ఇటికల బట్టీ పొగ ఎటు వంగుతోందో పొద్దున్నా మధ్యాహ్నం రాయించండి. అదే సమయానికి పల్చటి ఎత్తు మబ్బులు ఎటు పోతున్నాయో కూడా రాయించండి. మేడ మీద రెండు వెదురు కర్రల మధ్య మబ్బుని పెట్టి చూస్తే కదలిక తెలుస్తుంది. పొగ ఒకవైపు, మబ్బు ఒకవైపు పోతున్న రోజు దొరికితే పాఠం అయిపోయినట్టే. ఫోన్ ఉంటే విండీ లాంటి యాప్‌లో ఎత్తు మార్చి చూడండి. ఒకటిన్నర కిలోమీటర్ల దగ్గర ఒక గాలి, పది కిలోమీటర్ల దగ్గర ఇంకో గాలి. విశాఖపట్నంలో వాతావరణ శాఖ వాళ్ళు రోజూ బెలూన్ వదిలి పైగాలుల్ని కొలిచేదీ ఇందుకే. మాక్సీ ఉన్న ఆల్బుకర్కీలో కొన్ని పొద్దుటి పూటలు కింది గాలి దక్షిణానికి, పై గాలి ఉత్తరానికి వీస్తాయి, బెలూన్ వాళ్ళు ఒక గాలిలో వెళ్ళి ఇంకో గాలిలో బయల్దేరిన చోటికే వస్తారు. లగ్జర్ నుంచి జనవరిలో బయల్దేరడంలోనూ ఇదే లెక్క. చలికాలంలో ఈజిప్టు మీదుగా ఉత్తర భారతం వైపు చాలా ఎత్తులో బలమైన పడమటి గాలి ఒకటి పరిగెడుతుంది. గాలి ఎక్కడుందో తెలిసినవాడు కాబట్టే అక్కడికెళ్ళాడు.

మూడో పని పెద్ద కాగితపు బెలూన్. దీనికి సంక్రాంతి ముందు చలి పొద్దున్నే మంచిది. బయట గాలి ఎంత చల్లగా ఉంటే లోపలి వేడి గాలి అంత బాగా లేపుతుంది. చిన్నది చేయకండి. వెడల్పు రెండింతలైతే కాగితం నాలుగింతలే పడుతుంది గాని గాలి ఎనిమిదింతలు పడుతుంది, అందుకే చిన్న బెలూన్ తన కాగితం బరువునే లేపలేదు. ఒకటిన్నర మీటరు వెడల్పున్నది చేయండి. దొరికినంత పల్చటి టిష్యూ కాగితం అతికించి 220 సెంటీమీటర్ల పొడవున్న పన్నెండు పట్టీలు కత్తిరించాలి. పట్టీ కొన దగ్గర మొన, అక్కణ్ణుంచి 30 సెంటీమీటర్ల దగ్గర వెడల్పు 15, 60 దగ్గర 28, 90 దగ్గర 36, 120 దగ్గర 39, 150 దగ్గర 36, 180 దగ్గర 26, 200 దగ్గర 18, చివర 8. అతికించడానికి ఒక అంచున ఇంకో సెంటీమీటరు వదలండి. ముందు పాత పేపరు మీద ఒక నమూనా గీసుకుని దాన్ని పెట్టి అన్నీ కోయండి. మైదా జిగురు పల్చగా, వేలితో గీతలా రాయాలి. జిగురు ఎక్కువైతే బరువు, పైగా తడి కాగితం చిరుగుతుంది. కింద మూతికి సన్నటి వెదురు బద్ద గుండ్రంగా వంచి కట్టండి.

నిప్పు పెట్టకండి. ఒకసారి నేను ఇనప రేకు మీద కర్పూరం పెట్టి లేపబోయాను. ఊగి అంచు తగిలింది, పది సెకన్లలో వారం రోజుల పని బూడిద. ఎవరికీ ఏమీ కాలేదు గాని చుట్టూ గడ్డివాములున్న ఊరు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్లు రెండు తెస్తాం, మూతి దగ్గర పెట్టి పట్టుకుంటాం, డ్రయ్యరు నోరు కాగితానికి తగలకుండా ఒక పెద్ద మనిషి చూసుకోవాలి. నలుగురు పిల్లలు పైకొన కర్రతో ఎత్తి పట్టుకుంటారు. మొదట చప్పుడు వస్తుంది, ముడతలు విడుతూ గరగరమంటుంది. తర్వాత పొట్ట నిండి, చేయి పెడితే కాగితం వెచ్చగా తగులుతుంది, పొద్దుటి చలిలో ఆ వెచ్చదనం కోసం అందరూ చేతులు పెట్టేస్తారు, ఒకరి తర్వాత ఒకర్ని రానివ్వండి. కొన కర్రని వదిలి దానంతట అది నిలబడిందంటే ఇక రెండు మూడు నిమిషాలే. మూతికి ఇరవై మీటర్ల గట్టి దారం కట్టి ఉండాలి. వదిలేయకూడదు. మా బడి వెనక రైలు పట్టా ఉంది, పైన 25,000 వోల్టుల కరెంటు తీగ. మీ దగ్గర ఏ తీగలున్నాయో ముందు రోజే చూసుకోండి.

అది పైన ఆగి ఉండే కాసేపట్లోనే 1980 కథ చెప్పండి: మాక్సీ, కొడుకు క్రిస్టియన్, ఇద్దరే కిట్టీ హాక్ అనే బెలూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర్నుంచి కెనడాలోని క్యూబెక్ దాకా, నాలుగు రోజులు, ఉత్తర అమెరికా ఖండం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి. తండ్రీ కొడుకుల కథ తల్లిదండ్రులు వచ్చిన రోజు చెప్తే ఇంకా బాగుంటుంది.

చావు గురించి చెప్పాలా వద్దా అని కొందరు మాస్టార్లు అడిగారు. చెప్పాలి. 1983 జూన్‌లో పారిస్ నుంచి బయల్దేరిన బెలూన్ల పోటీలో మాక్సీ, డాన్ ఐడా పశ్చిమ జర్మనీలో దిగబోతుండగా మనుషులుండే తొట్టి బెలూన్ నుంచి విడిపోయి పడింది, ఇద్దరూ చనిపోయారు. మాక్సీకి 48 ఏళ్ళు. తూర్పు జర్మనీ సరిహద్దు దగ్గరపడుతోంది, అది దాటకుండా దిగాలని చూస్తున్నారు. సరిహద్దు అంటే ఏంటో, ఒక దేశం గాల్లోకి ఇంకో దేశం మనిషి ఎందుకు రాకూడదో పిల్లలు అడుగుతారు, ఆ కాలం జర్మనీ పటం గోడకి పెట్టి ఉంచుకోండి. వద్దంటే వాళ్ళే ఫోన్‌లో చూసుకుంటారు, ఆ మాట మన నోటంట వినడమే నయం. చెప్పాక వెంటనే ఇంకేదో సంతోషమైన సంగతితో కప్పేయకండి, కాసేపు ఊరుకోండి.

భూమి చుట్టూ తిరగాలన్న ఆ కోరిక చివరికి 1999 మార్చిలో తీరింది. బెర్ట్రాండ్ పికార్డ్, బ్రయాన్ జోన్స్ స్విట్జర్లాండ్‌లో బయల్దేరి, 19 రోజుల 21 గంటల 47 నిమిషాల్లో ఈజిప్టులో దిగారు. దారిలో మన దేశం మీదుగానూ వెళ్ళారు. వాళ్ళ బెలూన్‌లో హీలియంతో పాటు వేడి గాలి కూడా ఉంది, రాత్రి గ్యాస్ చల్లబడినప్పుడు బరువు పారబోసే బదులు మంట పెట్టి వేడిచేసుకున్నారు. ఇది వినగానే పలక వైపు చూసి, అలాగైతే మన ఇసుక మిగిలేది కదా అనే పిల్ల మీ క్లాసులోనూ ఉంటుంది. ఆ పిల్లకి మర్నాటి పీరియడ్ ఇచ్చేయండి, మిగతావాళ్ళకి తనే చెప్తుంది.

కాగితపు బెలూన్ చల్లబడి దిగాక మూతి పైకి పెట్టి గాలంతా తీసి, పట్టీల వెంబడి మడవండి, అడ్డంగా మడిస్తే అతుకులు ఊడతాయి. మైదా జిగురంటే ఎలుకలకి పండగ, కాబట్టి బీరువాలో కాదు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కలరా ఉండలేసి పెట్టండి. మాది ఇప్పటికి మూడు చలికాలాలు చూసింది, తొమ్మిది చోట్ల అతుకులున్నాయి.